జపాన్ బడులు చూడబోతున్న చెల్లెకు

జనగామ,
ఆదివారం.

చిరంజీవి చెల్లెకు,

జపాన్ పోయే టీచర్ల జాబితాలో నీ పేరు వచ్చిందని తెలిసి ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. సర్కారు బడి టీచర్లను ఫిన్లాండ్, సింగపూర్, జపాన్, వియత్నాం పంపి అక్కడి చదువులు చూపించాలని మన రాష్ట్ర ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం మెచ్చుకోదగింది. పంజాబ్ ప్రభుత్వం 2023లో ప్రిన్సిపాళ్లను సింగపూర్‌కు, 2024లో ప్రాథమిక బడుల టీచర్లను ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయానికి పంపింది. ఫుల్‌బ్రైట్ కార్యక్రమం కింద మన దేశపు హైస్కూలు టీచర్లు అమెరికాలో ఆరు వారాలుండి, అక్కడి బడుల్లో కూర్చొని వస్తున్నారు. ఇప్పుడు మహాముత్తారం అడవిలో, ఇద్దరు టీచర్లతో నడిచే బడి నుంచి ఒక ఎస్‌జీటీ టీచరు పోతోంది. ఇది నీ ఒక్కదాని గౌరవం కాదు, అట్లాంటి బడులన్నిటి గౌరవం.

ఏం చూడాలి, ఏం అడగాలి, వచ్చి ఏం చేయాలి అని అడిగావు. నేను ఏ దేశమూ పోలేదు. నా నౌకరీ అంతా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి బడుల్లోనే గడిచింది. 2016 అక్టోబరులో మూడు జిల్లాలయ్యాయి గానీ, అంతకుముందు వాటిలో చాలాభాగం వరంగల్ జిల్లానే. అక్కడేముందో నీ కళ్లతో నువ్వు చూస్తావు. ఇక్కడేం కావాలో మాత్రం నేను చెప్పగలను. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచింది ఒక్కటే. ఏ పిల్ల కోసం పోతున్నావో విమానం ఎక్కకముందే తేల్చుకో. అది తేలితే ఏం చూడాలో, ఏం వదిలేయాలో దానంతట అదే తెలుస్తుంది.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, వందేళ్ల కిందటే మన దగ్గర నుంచి ఒకాయన జపాన్ బడులు చూడటానికి పోయివచ్చాడు. పేరు సయ్యద్ రాస్ మసూద్. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు. 1916లో హైదరాబాద్ సంస్థానానికి విద్యాశాఖ డైరెక్టరుగా వచ్చాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టినవాళ్లలో ఒకడు. 1922లో జపాన్ వెళ్లి అక్కడి విద్యాసంస్థలు తిరిగి చూశాడు. తిరిగొచ్చి జపాన్ విద్యావిధానం మీద ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1923లో అచ్చయింది. 1872లో ఆధునిక విద్యకు చట్టం చేసుకున్న ఆ దేశం, యాభై ఏళ్లు తిరిగేసరికి పడమటి సైన్సునూ వైద్యాన్నీ ఇంజనీరింగునూ తన సొంత భాషలో చెప్పుకుంటోంది. పిల్లలు తమ భాషలో చదివితేనే దేశం లేస్తుందన్న ఆయన నమ్మకం అక్కడ మరింత గట్టిపడింది.

చూసింది నూటికి నూరుపాళ్లు నిజం. మరి ఆ నిజం ఇక్కడ ఎవరికి అందింది? ఉర్దూకు అందింది. ఉస్మానియాలో వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలో చెప్పారు. దాని వెనక ఉన్న అనువాదాల శ్రమ తక్కువది కాదు. కానీ సంస్థానం జనాభాలో సగానికి దగ్గరగా ఉన్నది తెలుగు మాట్లాడేవాళ్లు. జనగామ పిల్లవాడికి, మహబూబాబాద్ పిల్లవాడికి హైస్కూలు మెట్టెక్కేసరికి చదువు ఉర్దూలోనే. మసూద్ జపాన్ పోవడానికి ముందటి ఏడు, 1921 నవంబరులో, హైదరాబాద్ సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. 1928లో మాడపాటి హనుమంతరావు గారు ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టవలసి వచ్చింది. సముద్రాలు దాటి తెచ్చిన మంచి సూత్రం, మన ఊరి పిల్లల దాకా వచ్చేసరికి ఆగిపోయింది. తెచ్చేటప్పుడు ఆ పిల్లలు లెక్కలో లేరు.

ఇది పాత కథ అనుకోకు. తెలుగు బడికి కూడా ఇదే ప్రశ్న ఉంది. గూడూరు మండలంలో ఒక తండా బడిలో పనిచేసినప్పుడు ఒకటో తరగతిలో ఒక పిల్ల ఉండేది. బతుకమ్మ సెలవుల దాకా నోరు విప్పలేదు. పేరు పిలిస్తే లేచి నిలబడేది, అంతే. ఒకరోజు చింతగింజలు కుప్పలు పోయించి లెక్కలు చేయిస్తున్నాం. పక్కపిల్ల ఎనిమిది గింజల కుప్పను తొమ్మిది అని చెప్పింది. ఈ పిల్ల చటుక్కున ఆ కుప్ప తన ముందుకు లాక్కొని, వేలితో ఒక్కో గింజ జరుపుతూ తన లంబాడీ భాష గోర్ బోలీలో గడగడా లెక్కపెట్టి, ఇంకో గింజ తెచ్చి కలిపి, కుప్పను మళ్లీ పక్కపిల్ల ముందుకు తోసింది. లెక్క వచ్చు, మాట వచ్చు, తప్పు దిద్దడం కూడా వచ్చు. బడి భాష ఒక్కటే రాదు. నీ గూడెంలో కోయ పిల్లలు కూడా ఇట్లాగే ఉంటారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కొలామి, లంబాడీ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషల్లో తొలి తరగతుల చదువు మొదలుపెట్టారు. ఆ వాచకాలు ఎక్కడన్నా దొరికితే ఇప్పటికీ బంగారమే. ఇవ్వాళ మన పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. నీ ఒకటో తరగతి పిల్లకు రెండు పేజీలూ పరాయివే.

అందుకే జపాన్‌లో పిల్లల ఇంటి భాష గురించి తప్పకుండా అడుగు. సొంత భాషలో చదువు చెప్పుకొని ఎదిగిన ఆ దేశమే తన అంచుల్లో ఉన్నవాళ్ల భాషలను బడి ముందే ఆపింది. హొక్కైడోలోని ఐను ఆదివాసుల కోసం 1899 చట్టం కింద పెట్టిన బడుల్లో చదువు జపనీసులోనే నడిచింది. ఒకినావాలో తమ భాషలో మాట్లాడిన పిల్లల మెడలో చెక్కపలక వేలాడదీసేవారు. ఇంకో పిల్ల అదే తప్పు చేసి దొరికేదాకా అది మెడలోనే ఉండాలి. ఐనులు ఆదివాసులని చట్టంలో రాసుకోవడానికి 2019 దాకా పట్టింది. మంచి బడులున్న దేశంలో కూడా ఏ పిల్ల బయట నిలబడిందో చూస్తేనే ఆ బడి నీకు పూర్తిగా అర్థమవుతుంది. వాళ్లను చిన్నబుచ్చడానికి అడగమనడం లేదు. ఇప్పుడు దిద్దుకోవడానికి ఏం చేస్తున్నారో తెలిస్తే నీ గూడేనికి పనికొస్తుంది.

ఇంకొక టీచరు కథ నీకు తెలిసిందే. రైలుబడి పుస్తకం నువ్వు ఎన్నిసార్లు చదివావో! అందులోని పెద్దసారు కొబయాషి సొసకు 1920ల్లో యూరప్ పోయాడు. సంగీతపు లయకు ఒళ్లంతా కదిలిస్తూ నేర్పే డాల్‌క్రోజ్ పద్ధతి నేర్చుకొని వచ్చాడు. 1937లో టోక్యోలో తొమోయె బడి పెట్టినప్పుడు ఆయన యూరప్ బడుల లాంటి భవనాలు కట్టలేదు. పక్కకు పెట్టేసిన రైలుపెట్టెలే తరగతి గదులు. పొట్టిగా ఉండిపోయిన ఒక పిల్లవాడు ఆటల పోటీల్లో గెలిచేలా ఆటలనే మార్చి పెట్టాడని ఆ పుస్తకంలో ఉంది కదా, అది ఏ దేశంలోనూ నేర్చుకున్నది కాదు. తన ముందున్న పిల్లవాణ్ని చూసి చేసింది. పరాయి దేశం నుంచి పద్ధతి తెచ్చుకున్నాడు, దాన్ని తన పిల్లల కొలతకు కుట్టుకున్నాడు. 1945 బాంబుదాడుల్లో బడి కాలిపోయినా, తెలుగు పల్లెల్లోని టీచర్లు కూడా ఆయన్ను తలుచుకుంటున్నారంటే కారణం ఆ కొలతే.

ఫిన్లాండ్ పోతున్న నీ స్నేహితులకు కూడా ఒక మాట చెప్పు. అక్కడ ధనిక, పేద తేడా లేకుండా అందరికీ ఒకే బడి అన్న చట్టం 1968లో వచ్చింది. అమలు 1972లో మొదలైంది, రాజధానిలో కాదు, ఉత్తరాన మంచు మూలనున్న లాప్‌లాండ్‌లో. అక్కడి నుంచి ఏటేటా కిందికి దిగుతూ రాజధాని వైపు వచ్చింది. మన దగ్గర ఏదన్నా కొత్త కార్యక్రమం మారుమూల పలిమెలలో మొదలై హైదరాబాద్ చేరడం ఎప్పుడన్నా చూశామా? వాళ్లు అక్కడ చూసే అందమైన గదుల కన్నా ఈ ఒక్క సంగతి గురించి నాలుగు ప్రశ్నలు అడిగి వస్తే మన జిల్లాలకు మేలు. సింగపూర్ పోయేవాళ్లను, అక్కడి టీచరుకు ఏడాదికి వంద గంటల శిక్షణ హక్కుగా ఎట్లా దొరుకుతుందో, ఆ గంటల్లో నిజంగా ఏం జరుగుతుందో కనుక్కొని రమ్మను.

ఇక నీ సంగతి. పోయేముందు వారం రోజులు నీ బడిని నువ్వే కొత్తగా చూడు. ముగ్గురు పిల్లల గురించి నోటుబుక్కులో రాసుకో. అసలు మాట్లాడని పిల్ల ఒకరు. పత్తి ఏరేటప్పుడు, మిర్చి ఏరేటప్పుడు తల్లిదండ్రుల వెంట పోయి నెలల తరబడి బడికి రాని పిల్లవాడు ఒకరు. నువ్వు బోర్డు మీద రాయడం పూర్తికాకముందే లెక్క చేసేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునే పిల్ల ఇంకొకరు. వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో, నువ్వు ఏం చేసి చూశావో రాయి. అక్కడ ఏ బడికి పోయినా ఈ ముగ్గురూ నీ వెంట ఉండాలి. ఈ పిల్ల ఇక్కడుంటే మీరేం చేస్తారని అడిగితే టీచర్లు కడుపులోంచి మాట్లాడతారు. మీ విద్యావిధానం గొప్పతనం ఏమిటని అడిగితే అందరికీ చెప్పే నాలుగు ముక్కలే నీకూ చెబుతారు.

అక్కడ బడి చూపించేటప్పుడు ముందు కంప్యూటర్ గది, ల్యాబు, ఈతకొలను చూపిస్తారు. మర్యాదగా చూడు. ఆ తర్వాత ఒక తరగతిలో, వెనక బెంచీ దగ్గర, మొదటి గంట నుంచి చివరి గంట దాకా ఒక పూర్తి పాఠం చూస్తానని అడుగు. ప్రాథమిక బడుల్లో పాఠం నలభై అయిదు నిమిషాలు. నీకు భాష రాకపోవడం ఒక రకంగా మంచిదే, మాటల మీదికి మనసు పోదు. టీచరును చూడకు, పిల్లల చేతులూ ముఖాలూ చూడు.

రెండో తరగతి లోపు లెక్కల పాఠమైతే ఇంకా మంచిది. అక్కడ ఒకటో తరగతిలో పదమూడులోంచి తొమ్మిది తీసివేయడం పేరున్న పాఠం. పాఠమంతా ఆ ఒక్క లెక్క మీదే నడుస్తుంది. టీచరు లెక్క బోర్డుకు ఎడమవైపు రాసి ఊరుకుంటుంది. పిల్లలు తమకు తోచినట్టు చేస్తారు. ఒకరు పదమూడును పది, మూడుగా విడదీసి, పదిలోంచి తొమ్మిది తీసి, మిగిలిన ఒకటిని మూడుకు కలుపుతారు. ఇంకొకరు ముందు మూడు తీసి, మిగతా ఆరును పదిలోంచి తీస్తారు. ఇంకొకరు ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతారు. టీచరు ఈలోపు బల్లల మధ్య తిరుగుతూ ఎవరు ఏ దారిలో పోతున్నారో చేతిలోని కాగితం మీద గుర్తు పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎవర్ని ముందు పిలవాలో, ఎవర్ని చివర పిలవాలో ఆ గుర్తులే చెబుతాయి. ఒక్కో పిల్ల దారీ బోర్డు మీదికి ఎక్కుతుంది. పాఠం అయ్యేదాకా బోర్డు తుడవరు. చివర్లో బోర్డు చూస్తే ఆ తరగతి ఆలోచన మొదటి నుంచి కొస దాకా అక్కడ ఉంటుంది. మన దగ్గర ఒక లెక్క చేయగానే డస్టరు తీసుకుంటాం. బోర్డు తుడవకుండా ఉంచడానికి ఏ నిధులూ అక్కర్లేదు, ఏ జీవో అక్కర్లేదు.

ఇంకొకటి లెక్కపెట్టు. ప్రశ్న అడిగాక టీచరు ఎంతసేపు ఆగుతుంది? అమెరికాలో మేరీ బడ్ రోవ్ అనే పరిశోధకురాలు 1970ల్లో దీన్నే కొలిచింది. చాలామంది టీచర్లు ఒక్క సెకను దాటి ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని, మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పుతారని ఆమె చూపింది. నీ బడిలో మాట్లాడని పిల్లకు ఆ రెండు సెకన్లు ఇంకా ఎక్కువ అవసరం. ఆమె ప్రశ్నను తన భాషలోకి మార్చుకోవాలి, జవాబును నీ భాషలోకి మార్చాలి.

నిర్వాహకులను ముందే ఒకటి అడిగి పెట్టుకో. టోక్యోలోని పెద్ద బడుల కన్నా నీకు పనికొచ్చేది అక్కడి పల్లెటూరి చిన్న బడి. మనకు తెలియక అనుకుంటాం గానీ, జపాన్‌లో కూడా రెండు తరగతులను ఒక గదిలో ఒకే టీచరు నడిపే బడులున్నాయి. వాటిని ఫుకుషికి తరగతులంటారు. వరుసగా ఉన్న రెండు తరగతుల్లో కలిపి 16 మంది, ఒకటో తరగతి కలిస్తే 8 మంది లోపు ఉంటేనే అట్లా కలపాలని వాళ్ల లెక్క. హొక్కైడోలో, దీవుల్లో, కొండల్లో ఇట్లాంటివి ఎక్కువ. ఒక తరగతికి కొత్త పాఠం చెప్పే వేళ రెండో తరగతి సొంతంగా అభ్యాసం చేసేలా పాఠాన్ని జరిపి పెట్టుకుంటారు. టీచరు ఒక బోర్డు నుంచి రెండో బోర్డుకు దాటిపోతూ ఉంటుంది. ఆమె అటు పోయినప్పుడు ఇటు పాఠం నడిపేది పిల్లల్లోంచే ఒకరు, రోజుకొకరు. అయిదు తరగతులు ఇద్దరు టీచర్లతో నడిపే నీకు ఇంతకన్నా పెద్ద పాఠం ఆ దేశంలో ఇంకోటి దొరకదు. ఏ తరగతికి ఎన్ని నిమిషాలు, దాటేటప్పుడు ఏం చెప్పి దాటుతారు, నాయకుడైన పిల్లవాడి చేతిలో ఏ కాగితం పెడతారు, అన్నీ చూసి రాసుకో. మారుమూల బడుల కోసం వాళ్లకు 1954 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. అక్కడ పనిచేసే టీచరుకు అదనపు భత్యం, ఇంటి వసతి, శిక్షణ అందులో ఉన్నాయి. అది అడవి బడుల టీచర్ల తరఫున నువ్వు అడిగి తెలుసుకోవలసిన విషయం.

మధ్యాహ్న భోజనం మాత్రం తప్పకుండా వాళ్లతో కూర్చొని తిను. వంటగది నుంచి అన్నం, పులుసు, పాలు బండి మీద తరగతికి వస్తాయి. ఆ వారం వంతు వచ్చిన పిల్లలు తెల్ల అంగీ, టోపీ, ముక్కుకు మాస్కు వేసుకొని మిగతావాళ్లకు వడ్డిస్తారు. టీచరూ అదే గదిలో, అదే తిండి తింటుంది. అందరికీ వడ్డించాకే అందరూ మొదలుపెడతారు. ఆ తెల్ల అంగీని శుక్రవారం పిల్ల ఇంటికి తీసుకుపోతుంది. ఇంట్లో ఉతికి సోమవారం తెస్తే, మరో పిల్ల అదే తొడుక్కుంటుంది. ఈ చిన్న సంగతి నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ఒక ఇంట్లో ఉతికిన బట్ట ఇంకో ఇంటి పిల్ల ఒంటి మీదికి వస్తోంది, ఒక పిల్ల చేతి అన్నం అందరి పళ్లెంలోకి వస్తోంది. ఎవరు వండితే ఎవరు తినరన్న గొడవ ఇంకా పూర్తిగా పోని మన ఊళ్లలో, ఈ వంతు పద్ధతి ఎన్ని పాఠాలు చెప్పగలదో నువ్వే ఊహించు.

ఇక్కడే ఒక జాగ్రత్త. అక్కడ పిల్లలే బడి ఊడుస్తారని చూసి ఎంతోమంది మెచ్చుకొని వస్తారు. వచ్చి మన పిల్లల చేతికి చీపురిస్తారు. మన దగ్గర ఆ చీపురు ఎవరి చేతికి పోతుందో నీకు తెలియనిది కాదు. ముందు ఆడపిల్లలకు, ఆ తర్వాత కొన్ని వాడల పిల్లలకు. అక్కడ అది న్యాయంగా ఉండటానికి కారణం చీపురు కాదు, వంతు. డాక్టరు కొడుకూ, కూలీ బిడ్డా ఒకే వంతులో ఉంటారు, టీచరు కూడా చేయి కలుపుతుంది. వంతు లేకుండా చీపురు ఒక్కటే తెస్తే, బాగుచేస్తున్నామనుకుంటూ పాత అన్యాయానికి విదేశీ ముద్ర వేసినవాళ్లమవుతాం. తెస్తే వంతును తే. మగపిల్లల పేర్లతో మొదలుపెట్టు, నీ పేరూ అందులో రాయి.

వాళ్ల కష్టాలూ చూడు. 2018లో ఓఈసీడీ చేసిన సర్వేలో జపాన్ హైస్కూలు దిగువ తరగతుల టీచర్లు వారానికి 56 గంటలు పనిచేస్తున్నారని తేలింది, పాల్గొన్న దేశాలన్నిటిలోకీ అదే ఎక్కువ. 2023 విద్యాసంవత్సరంలో ప్రాథమిక, దిగువ మాధ్యమిక బడులకు చాలా రోజులు పోలేకపోయిన పిల్లలు 3,46,482 మంది అని వాళ్ల ప్రభుత్వమే లెక్క చెప్పింది. లెక్కల్లో ప్రపంచంలో ముందు వరసలో ఉన్న దేశంలో అన్ని లక్షల మంది బడికి సరిగా పోలేకపోతున్నారు. బడికి రాని మన పిల్లవాడికి మిర్చి చేను అడ్డం, అక్కడి పిల్లకు బడిలోని ఒత్తిడి, ఒంటరితనం అడ్డం. ఆ పిల్లలను మళ్లీ తీసుకురావడానికి టీచర్లు ఏం చేస్తున్నారో అడుగు. గొప్పలు చెప్పేటప్పటి కన్నా కష్టాలు చెప్పేటప్పుడే ఇద్దరు టీచర్లు దగ్గరవుతారు.

తిరిగొచ్చాక ఏం చేయాలన్నది అసలు విషయం. వచ్చీరాగానే సన్మానాలుంటాయి, పీపీటీ తయారుచేయమంటారు, నివేదిక అడుగుతారు. నివేదికలో అక్కడి జీతాలు, భవనాలు, బడ్జెట్లు అన్నీ రాస్తే చదివినవాళ్లు అది డబ్బున్న దేశం, మనకెట్లా కుదురుతుందని పక్కన పెట్టేస్తారు. నువ్వు రెండు పేజీలే రాయి. మొదటి పేజీలో నీ ముగ్గురు పిల్లలు. రెండో పేజీలో వాళ్ల కోసం నువ్వు తెచ్చిన ఒక్క పద్ధతి, దాన్ని నీ బడిలో చేసి చూస్తే ఏమైంది. నెల రోజులు చేసి చూశాకే రాయి. పది పద్ధతులు ఒకేసారి మొదలుపెట్టినవాళ్లను చాలామందిని చూశాను. వేసవి సెలవులొచ్చేసరికి ఒక్కటీ మిగలలేదు.

నన్నడిగితే ఆ ఒక్క పద్ధతి జుగ్యో కెన్‌క్యూ అయితే బాగుంటుంది. ముగ్గురు నలుగురు టీచర్లు కూర్చొని ఒక పాఠాన్ని కలిసి తయారుచేస్తారు. పిల్లలు ఎక్కడ తడబడతారో ముందే ఊహించి రాసుకుంటారు. ఒకరు చెబుతారు, మిగతావాళ్లు గోడ పక్కన నిలబడి ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గురు పిల్లలనే గమనిస్తారు. తర్వాత కూర్చొని మాట్లాడుకుంటారు, పాఠాన్ని దిద్దుతారు, ఇంకొకరు ఇంకో తరగతిలో మళ్లీ చెబుతారు. ఇది మెయిజీ కాలం నుంచి వాళ్లకు అలవాటు. 1999లో అమెరికా పరిశోధకులు స్టిగ్లర్, హీబర్ట్ రాసిన పుస్తకం తర్వాతే మిగతా ప్రపంచం దాని గురించి గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది.

దీనికి కావలసిన వేదిక మనకు ఉండనే ఉంది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు జరుగుతున్నాయి, వాటిలో నమూనా పాఠమూ ఉంటుంది. కానీ చాలాచోట్ల ఎదురుగా పిల్లలుండరు, టీచర్లకే పాఠం చెబుతాం, చప్పట్లు కొడతాం, సంతకం పెట్టి బస్సెక్కుతాం. నువ్వు అడగవలసింది ఒక్కటే. ఆ రోజు ఒక తరగతి పిల్లలను ఉంచమను. పాఠం అయ్యాక టీచరు తప్పులు ఎంచడం ఒద్దను. నువ్వు గమనించిన పిల్ల ఏం చేసింది, ఎక్కడ ఆగింది అన్న ప్రశ్నతోనే మాట మొదలుపెట్టించు. కొత్త టీచరుకు భయం పోతుంది, పాత టీచరుకు ఉక్రోషం రాదు. మొదటి పాఠం నువ్వే చెప్పు. పదమూడులోంచి తొమ్మిది తీసివేతే చెప్పు. గింజలు మన చింతగింజలే, పిల్లలు కోయలోనో లంబాడీలోనో తమ దారి చెప్పనీ, ఆ భాష తెలిసిన పెద్దపిల్ల తెలుగులోకి మార్చనీ, బోర్డు తుడవకు. కొత్తగూడ, గూడూరు, పాలకుర్తి టీచర్లు ఆ ఒక్క పాఠం చూస్తే చాలు, నీ ప్రయాణానికి పెట్టిన ఖర్చు మూడు జిల్లాలకూ అందినట్టే.

అక్కడి బడికి ఇవ్వడానికి పెంబర్తి ఇత్తడి బొమ్మ ఒకటి కొని పంపిస్తున్నాను. దాంతోపాటు నీ పిల్లల నోటుబుక్కులు రెండు పట్టుకుపో, తప్పులున్నవే పట్టుకుపో. అక్కడి టీచర్ల ముందు వాటిని పెట్టు. భాషలు వేరైనా పిల్లలు లెక్కలో చేసే తప్పులు ఒకే రకంగా ఉంటాయి. మీ ఇద్దరి మధ్య మాట అక్కడి నుంచి మొదలవుతుంది. నువ్వు నేర్చుకోవడానికే కాదు, నేర్పడానికి కూడా పోతున్నావు. పత్తి చేల నడుమ, ఒకే గదిలో మూడు భాషల పిల్లలకు చదువు చెప్పడం ఎట్లాగో వాళ్లకు నువ్వు చెప్పగలవు. తలవంచుకొని పోకు, తలెత్తుకొని కూడా రాకు. కళ్లు తెరుచుకొని పోయి, చేతులు ఖాళీ లేకుండా రా.

రాగానే నీ కాంప్లెక్స్ హెచ్ఎంను కలిసి, సన్మానానికి పెట్టుకున్న ఆ గంటను పాఠానికి ఇమ్మని అడుగు. ఇవ్వకపోతే వచ్చే నెల మళ్లీ అడుగు. ఆ రోజు నేను కూడా వచ్చి గోడ పక్కన నిలబడతాను, నా వంతుకు ఇద్దరు పిల్లలను అప్పగించు.

ఇట్లు,
నీ అక్క